ఇంటి పద్దు

సూళ్లూరుపేట కాళంగి నది యొడ్డున నున్న ఊరు. మద్రాసు నుండి కలకత్తాకు పోవు రహదారియు, గూడూరు మీదుగా ఉత్తరమునకు సాగు రైలుదారియు ఈ ఊరిని ఒరసికొనియే పోవును. తూర్పున పులికాట్ సరస్సు. తెలుగువారు దానిని ప్రళయకావేరి యనియు పిలుతురు. సరస్సునకు ఆవల, బంగాళాఖాతమునకు ఈవల శ్రీహరికోట దీవి. ఊరి నుండి ఆ దీవికి సుమారు 18 కిలోమీటర్లు. దారిలో చాల భాగము సరస్సు మీద వేసిన కట్టయే. ఈ ఊరు చిరకాలము నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి తిరుపతి జిల్లాలో చేరినది.

కాళంగి గట్టున చెంగాళమ్మ ఆలయము కలదు. రాత్రింబవళ్లు ఎప్పుడును తలుపులు మూయకుండుట ఆ ఆలయపు ఆచారము. ఏ వేళ పోయినను అమ్మవారి దర్శనము లభించును. అందుచేత ఆ దారిలోని పూలబుట్టలకును, టెంకాయల కొట్లకును విరామము తక్కువ. వ్యాపారమనగా పెద్ద పట్టణములలో, పెద్ద మేడలలో నేర్వదగిన విద్య యని పలువురు తలంతురు. ఆ దారిలో నాలుగు దినములు కన్నులు తెరచుకొని నిలుచున్నవాడు అట్లు తలంపడు.

ఈ ప్రాంతమునకు వ్యాపారము క్రొత్తది కాదు. సరస్సు దక్షిణపు కొసనున్న పులికాట్ రేవులో డచ్చివారు 1613లో కోట కట్టుకొని, అచ్చట నుండి కోరమాండల్ తీరపు బట్టలను ఓడల కెక్కించి తూర్పు దీవులకు కొనిపోయెడివారు. ఆ దీవులలో జాజికాయలు, లవంగములు పండించువారు వెండి నాణెముల కంటె మన నేతగాండ్ర రంగుబట్టలనే యెక్కువగా కోరిరి. ఎదుటివాడు కోరునదేదో తెలిసికొనిన పిమ్మట గాని డచ్చివారికి ఆ సుగంధద్రవ్యములు చవుకగా చిక్కలేదు. ఈ సంగతి చరిత్ర పుస్తకములలో నున్నది. ఇచ్చట చెప్పబోవునది మాత్రము ఏ పుస్తకమునకును ఎక్కని ఒక చిల్లర అంగడి సంగతి.

1979వ సంవత్సరమున ఆలయమునకు పోవు దారిలో ఆ అంగడి యుండెను. వెడల్పు రెండు బారలు మించదు. ముందు పలకల తలుపు. పలకల మీద ఒకటి మొదలు పదునొకటి వరకు సుద్దతో అంకెలు. లోన చింతపండు గంప, ఎండుమిరపకాయల గోతాము, బెల్లపు దిమ్మెలు, ఉప్పు తొట్టి, నూనె డబ్బాలు, దూలమునకు వ్రేలాడు త్రాసు. గోడకు అట్టముక్క మీద 'నేడు నగదు, రేపు అరువు' అని వ్రాసియుండెను. అంగడి యజమాని ఆ అట్టను స్వయముగా వ్రాసినవాడే గాని, దానిని పాటించినవాడు కాడు. అరువడిగినవారి మొగము చూచి కాదనలేని స్వభావ మాయనది.

ఆయన కుమారుడు తొమ్మిదవ తరగతి చదువుచుండెను. ఆ యేడు మే నెలలో తండ్రి అటకమీది డబ్బా దించబోయి నిచ్చెన జారి కాలు విరుగగొట్టుకొనెను. మూడు నెలలు మంచము దిగరాదని వైద్యుడు చెప్పెను. ఇక అంగడికి దిక్కు ఇద్దరే. బడి లేని వేళల కుమారుడు. తక్కిన వేళల తూకము వేయు పనివాడు. ఈ పనివాడు సరస్సు గట్టునున్న ఒక చేపలపల్లెవాడు. వేట సరిగా పడక, రెండేండ్ల క్రిందట వల మడిచి అటకమీద పెట్టి, అంగడిలో కుదిరెను. కుర్రవాడు అతనిని 'మామా' అని పిలుచుచుండెను.

అంగడి యరుగు కొసన ఒక ముసలవ్వ పూలు అమ్ముకొనుచుండెడిది. తెల్లవారకముందే మల్లెలు, కనకాంబరములు కొని తెచ్చి, మాల కట్టి, మూర లెక్కన అమ్మెడిది. ఉదయమున చెప్పిన ధర సాయంకాలమునకు చెప్పదు. దీపములు పెట్టు వేళకు సగమునకే యిచ్చివేయును. ఎంత బేరమాడినవారికైనను చివర వ్రేలెడు కొసరు వేయనిదే పంపదు. ఆ కొసరు ముందుగానే ధరలో కలిసియున్నదని కుర్రవాడు కొన్నాళ్లకు గాని కనిపెట్టలేదు.

అవ్వకు రెండు ముడులుండెడివి. కొంగు చివర ఒకటి, బొడ్డున దోపిన చెరగున ఒకటి. పూలమ్మిన డబ్బు కొంగు ముడిలో పోవును. ప్రొద్దు క్రుంకిన తరువాత ఆమె అరుగుమీద కూర్చుండి లెక్కపెట్టి, మరునాటి పూలకు కావలసినంత కొంగుననే యుంచి, మిగిలినది చెరగు ముడిలోనికి మార్చును. కాఫీపొడి, చక్కెర కొనవలసివచ్చినపుడు చెరగు ముడియే విప్పును గాని కొంగు ముడి జోలికి పోదు.

ఒకనాటి సాయంకాలము ఆమె మనుమరాలు వచ్చి తలలో పూలు పెట్టుమని మారాము చేసెను. అవ్వ ఒక మూర తెంచి పిల్ల జడలో తురిమి, వెంటనే చెరగు ముడి విప్పి, ఒక నాణెము తీసి కొంగున ముడివేసికొనెను. అది చూచి కుర్రవాడు పకపక నవ్వెను.

“ఏందవ్వా, నీ పూలకు నువ్వే దుడ్లిచ్చుకుంటావా?”

“ఈ పూలు నావి కాదబ్బయ్యా. రేపటి బుట్టవి,” అని అవ్వ చెప్పి, తన పని తాను చూచుకొనెను.

కుర్రవాడు ఈ మాటను వింతగా ఇంట చెప్పి అందరిని నవ్వించెను. అంతకు మించి దానిని గూర్చి తలపోయలేదు.

ఆగష్టు నెల వచ్చెను. 10వ తేదీ ఉదయము 8 గంటలు కావచ్చు సమయమున శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 అను రాకెట్టు లేచినది. మన దేశమున ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టుటకై నిర్మించిన మొదటి రాకెట్టు అదియే. ఎత్తు 23 మీటర్లు, బరువు 17 టన్నులు. ఊరివారు మిద్దెలెక్కి తూర్పు దిక్కు చూచుచుండిరి. పొగచార కనబడగానే చప్పట్లు చరచిరి. కాని రెండవ దశలో రాకెట్టు దారి తప్పి, కొద్ది నిమిషములలోనే సముద్రమున కూలిపోయెనని తరువాత తెలిసినది. ఆ దినమున అంగడికి వచ్చినవారందరును తమ యింటిలోని వస్తువేదో పోయినట్లు మాటలాడుకొనిరి. ఎవరు చెడగొట్టిరో, ఎవరి తప్పో యని తలకొక విధముగా చెప్పిరి. తప్పు వెదకుటలో జనులకు గల ఉత్సాహము మరి దేనియందును కానరాదు.

ఆ వారములోనే నాయుడుపేట నుండి టోకు వర్తకుని జాబు వచ్చెను. బాకీ 600 రూపాయలు దాటినదనియు, అది తీర్చనిదే సరుకు పంప వీలుకాదనియు అందు వ్రాసియుండెను. ఆ దినములలో అంత చిన్న అంగడికి అది పెద్ద మొత్తము. తండ్రి ఊతకఱ్ఱతో అంగడికి వచ్చి, చిట్టాను, ఆవర్జాను ముందు వేసికొని కూర్చుండెను. కొన్న సరుకునకును, అమ్మిన సరుకునకును, గోతాములలో మిగిలిన దానికిని ఎంత కూడినను పొంతన కుదరలేదు. ఏదో యెక్కడనో పోవుచున్నది.

మొదట అరువుల మీదికి అనుమానము పోయెను. కాని అరువిచ్చినదంతయు ఆవర్జాలో వ్రాసియే యున్నది. అది రావలసిన సొమ్మేగాని పోయిన సొమ్ము కాదు. పిమ్మట తరుగు మీదికి పోయెను. మిరపకాయలు ఎండి బరువు తగ్గును, బెల్లము వానకాలమున నీరుకారును, ఎలుకలు గోతాములు కొరుకును. ఇవన్నియు నిజములే. అయినను ఇంత తరుగు ఏ అంగడిలోను ఉండదు. ఇక మిగిలినది ఒకటే. మూడు నెలలుగా త్రాసు ఎవరి చేతిలో ఉండెను?

ఆ రాత్రి తండ్రి భార్యతో, “వినాయక చవితి కాగానే వాడికి లెక్క చూచి పంపించేస్తాను. బిడ్డను బడి మాన్పించి అంగట్లో కూర్చోబెడతాను. ఇంటివాడుంటే సరుకు ఎక్కడికీ పోదు,” అనెను. గోడకు ఈవల పడుకొనియున్న కుర్రవానికి ఆ మాటలు వినబడెను. బడి మానవలెనన్న మాటకు అతని గుండె జారిపోయెను. అంతకంటె, ఉదయమునకు మామ మొగమెట్లు చూచుటయా యన్న బాధ అతనికి నిద్ర రానీయలేదు.

మామకు ఈ అనుమానము తెలియకపోలేదు. ఏమియు బయటపడలేదు; త్రాసు పట్టుకొనుట మాత్రము మానివేసి, “నువ్వే తూచబ్బయ్యా,” అని కుర్రవానికి ఇచ్చుచుండెను. ఒకనాడు సరుకు సర్దుచు అతడు సరస్సు సంగతి యెత్తెను. దక్షిణపు తమిళ పల్లెలలో 'పాడు' అను ఏర్పాటొకటి కలదు. అది మన తెలుగు 'పాడు' కాదు. రొయ్యలు ఎక్కువగా పడు తావులు కొన్ని, తక్కువగా పడునవి కొన్ని యుండును గదా! ఎవరు ఏ దినమున ఏ తావున వల వేయవలెనో చీట్లు వేసి, వంతులు నిర్ణయించుకొందురు. నేడు చెడ్డ తావు వచ్చినవానికి మరొకనాడు మంచి తావు వచ్చును.

“వంతు ముందే రాసుకొంటే ఒకరినొకరు దొంగ అనుకొనే పనుండదబ్బయ్యా. లెక్క లేనికాడనే అనుమానం,” అని మామ నిట్టూర్చెను.

ఆ మాట కుర్రవానికి ముల్లువలె గ్రుచ్చుకొనెను. అతడు తండ్రితో ఒక నెల గడువు కోరెను. “నాయనా, ఒక్క నెల నేను లెక్క రాస్తాను. అప్పటిదాకా మామను ఏమీ అనొద్దు.” తండ్రి ఒప్పుకొనెను.

బడిలో లాభనష్టముల లెక్కలు చేయుటలో ఆ కుర్రవాడు గట్టివాడే. కాని ఆ లెక్కలు ఇచ్చట పనికి రాలేదు. గణిత పుస్తకములోని వర్తకుడు ఒక ధరకు కొనును, ఒక ధరకు అమ్మును. నడుమ భోజనము చేయడు, అతని బిడ్డలు పలకాబలపములడుగరు, అతని యింటికి చుట్టములు రారు. నిజమైన అంగడి అట్టిది కాదు. కుర్రవాడు ఒక నోటుపుస్తకము కుట్టుకొని, అంగడి గడప దాటి పోవు ప్రతి వస్తువును వ్రాయసాగెను. అమ్మినదా, అరువిచ్చినదా, ఎలుకలు తిన్నదా, పారబోసినదా, అన్నియు వ్రాసెను. వారమున కొకసారి గోతాములన్నియు తూచెను.

మూడవనాడే అతని కలము ఆగిపోయెను. తల్లి చెల్లెలిని పంపి అరకిలో కందిపప్పు తెమ్మనెను. చెల్లెలు వచ్చి పొట్లము కట్టించుకొని పోయెను. ఇది దేనిక్రింద వ్రాయవలెను? అమ్మకము కాదు; డబ్బు రాలేదు. అరువు కాదు, ఎవరి పేరును లేదు. ఆలోచించుచు అతడు అలవాటు చొప్పున బెల్లపు దిమ్మె చెక్కి ఒక ముక్క నోట వేసికొనెను. నమలుచుండగనే అతనికి చెమట పట్టెను.

అంతకు ముందు సంవత్సరమున అతని అక్క కుటుంబము వచ్చి వారితో చేరియుండెను. బావ శ్రీహరికోటలో కట్టడపు పనికి పోవుచుండెను. ఇంట అయిదుగురుండువారు ఎనిమిది మందియైరి. తండ్రి ఇంటి ఖర్చునకు గల్లాపెట్టె నుండి నెలకు 150 రూపాయలు తీయు అలవాటు మాత్రము మారలేదు. ఆ సొమ్ము ఎనిమిది మందికి ఎట్లు చాలుచున్నదో ఎవరును అడుగలేదు. పప్పు, చింతపండు, నూనె, సబ్బు అంగడి నుండి వచ్చుచుండగా అడుగవలసిన అవసరము ఎవరికి కలుగును?

నెల నిండెను. కుర్రవాడు కూడికలు మూడుసార్లు సరిచూచెను. తరుగు పోను అంగడిపై మిగులు 180 రూపాయలు. ఇంటికి తీసిన నగదు 150. ఇంటికి పోయిన సరుకు 74. అనగా నెలకు 44 రూపాయల మూలధనము కరగిపోవుచున్నది. అక్క వచ్చి పదునాలుగు నెలలు. పదునాలుగు నలుబదినాలుగులు 616. టోకు వర్తకుని బాకీ ఇంచుమించు అంతయే!

లెక్క తేలినందుకు అతనికి సంతోషము కలుగలేదు. ఆ 74 రూపాయలలో బెల్లము, వేరుసెనగలు, పెన్సిళ్లు, పిప్పరమెంట్లు తన పేర ఎంత యున్నదో అతనికి తెలియును. మూడు నెలలుగా మామ మోసిన అపవాదులో ఆ పాలు తనది. చెప్పినచో తల్లి చిన్నబుచ్చుకొనును. తమ వలననే ఇంత వచ్చెనని అక్క వేరుపడి పోవచ్చును. చెప్పకున్నచో మామ పోవును. రెండు దినములు ఆ నోటుపుస్తకమును చొక్కాలో దాచుకొని తిరిగెను. మూడవ సాయంకాలమున అరుగుమీద అవ్వ ముడులు విప్పి లెక్కించుకొనుట కంటబడెను. ఒకనాడు తాను నవ్విన నవ్వు జ్ఞాపకము వచ్చి, అతడు లోనికి పోయి పుస్తకమును తండ్రి ముందుంచెను.

“నాయనా, మామ ఏమీ తీయలేదు. తీసింది మనమే. అందులో నేను కూడా ఉండాను.”

తండ్రి ఆ పుటలను ఒక్కొక్కటిగా చదివెను. ఆయన కుమారుని కోపింపలేదు, మెచ్చుకొననులేదు. చాలసేపు త్రాసు వైపు చూచుచుండెను. మరునాడు పలకలు తీయుటకు మామ రాగానే ఆయన ఊతకఱ్ఱ పట్టుకొని లేచి, “ఏమయ్యా, నిన్ను అనుమానించినాను. తప్పు నాది. లెక్క చూసుకోలేనిది నేను,” అని అందరి యెదుటనే చెప్పెను. మామ తడబడి, “ఎంత మాట సామీ,” అని పలకలు తీయుటకు తిరిగెను. ఆ దినమున మూడవ పలకకు బదులు అయిదవ పలక తీసి, చాలసేపు పెనగులాడెను.

నాయుడుపేటకు పోయి టోకు వర్తకునితోడను తండ్రి ఆ మాటయే చెప్పెను. అరువు పెట్టినవారిని గాని, కాలమును గాని నిందింపలేదు. నెలకు 50 రూపాయల చొప్పున తీర్చెదనని ఒప్పుకొని, లెక్క చూపెను. వర్తకుడు ఆ నోటుపుస్తకమును తిరుగవేసి చూచి, సరుకు పంపెను. ఇంట అక్కయు వేరుపడలేదు. బావ నెలనెల ఖర్చులో తన వంతు ఇయ్యసాగెను. అడిగినవారు లేక ఇయ్యలేదు గాని, ఇయ్యకూడదని కాదు.

ఆవర్జాలో ఒక క్రొత్త పుట తెరచిరి. దానికి 'ఇంటి పద్దు' అని పేరు. ఇంటికి పోవు ప్రతి పొట్లము అమ్మకపు ధరకే అందులో వ్రాయవలెను. ఇది క్రొత్తగా కనిపెట్టిన విద్య కాదు. ఇటలీ దేశమున లూకా పాచియోలీ అను సన్యాసి 1494లో వెనిస్ నగరమున అచ్చువేయించిన గణితగ్రంథమున, వర్తకులు జమాఖర్చులు వ్రాయవలసిన పద్ధతి చెప్పుచు, ఇంటి ఖర్చునకు వేరుగా ఒక పద్దు ఉండవలెనని వ్రాసియున్నాడు. పూలమ్ము అవ్వ ఆ గ్రంథము పేరు కూడ వినియుండదు. ఆమెకు రెండు ముడులు చాలినవి.

రాకెట్టు కూలిన దినమున శ్రీహరికోటలో ఏమి జరిగినదో ఊరివారికి అప్పుడు తెలియదు. ఆ రాకెట్టు నిర్మాణమునకు నాయకుడు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. అంతరిక్ష పరిశోధన సంస్థకు అధ్యక్షుడు సతీష్ ధావన్. పత్రికలవారు వచ్చినపుడు ధావన్ కలామును ముందుకు నెట్టక, తానే వారి యెదుట కూర్చుండి, ఓటమి భారమును తన మీద వేసికొనెను. తరువాత కారణము వెదకిరి. రెండవ దశను అదుపుచేయు భాగములో ఒక కవాటము సరిగా మూసికొనక, అందలి ఆమ్లము ముందే కారిపోయినదని తేలెను. కారుచున్న తావు తెలిసిన పిమ్మట దానిని సరిచేయుట వారికి అసాధ్యము కాలేదు. ఏడాది తిరుగకమునుపే, 1980 జూలై 18వ తేదీ ఉదయము 8 గంటల 3 నిమిషములకు రెండవ రాకెట్టు లేచి, రోహిణి యను ఉపగ్రహమును కక్ష్యలో చేర్చెను. ఆ దినమున మాత్రము ధావన్ పత్రికలవారి యెదుటికి కలామునే పంపెను. కలాం ఈ సంగతిని జీవితాంతము విద్యార్థులకు చెప్పుచుండెను. 2002లో శ్రీహరికోట కేంద్రమునకు ధావన్ పేరు పెట్టిరి.

ఆ జూలై ఉదయమున సూళ్లూరుపేటలో మిద్దెలన్నియు మరల జనముతో నిండెను. ఈ పర్యాయము ఎవరును తొందరపడి చప్పట్లు చరువలేదు. రేడియో వార్త కొరకు వేచియుండిరి. వార్త రాగానే అంగడి ముందు పండుగవంటి సందడి చెలరేగెను. తండ్రి కాలు కొంచెము కుంటుచునే వచ్చి, బెల్లపు దిమ్మెను పగులగొట్టి, దారిన పోవువారికందరికిని తలకొక ముక్క పంచిపెట్టెను. అవ్వకు పెద్ద ముక్క యిచ్చెను. మామ త్రాసు చేతబట్టుకొని నవ్వుచు నిలుచుండెను.

దిమ్మె అయిపోయిన పిమ్మట తండ్రి చేతులు దులుపుకొని, గల్లాపెట్టె వద్ద కూర్చున్న కుమారుని వైపు తిరిగెను.

“బెల్లం ఎంత పోయింది మామను అడిగి రాసుకో అబ్బయ్యా. ఇంటి పద్దులో.”